సెల్ఫీ దిగి వెళ్లిపోతున్నారా? ఆ గోడ బొమ్మలో చూడాల్సింది ఇంకా చాలా ఉంది.. లోధీ కాలనీ నుంచి మక్తా దాకా!

ఢిల్లీలోని లోధీ కాలనీ.. 2015కు ముందు ఈ పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది గవర్నమెంట్ క్వార్టర్సే. ఇప్పుడు సెలవు రోజు పొద్దున్నే ఆ వీధుల్లోకి వెళ్తే గోడల ముందు కెమెరాలు పట్టుకున్న జనం కనిపిస్తారు. ఒకచోట పెళ్లికి ముందు ఫొటో షూట్, ఇంకోచోట రీల్స్. ఖన్నా మార్కెట్, మెహర్‌చంద్ మార్కెట్ల మధ్య ఉన్న ఈ కాలనీలో 50కి పైగా గోడలు నిలువెత్తు బొమ్మలతో నిండిపోయాయి. దేశంలో మొట్టమొదటి పబ్లిక్ ఆర్ట్ డిస్ట్రిక్ట్‌గా దీనికి పేరొచ్చింది.

హైదరాబాద్ వాళ్లకూ ఇది మరీ కొత్తేం కాదు. రాజ్‌భవన్ రోడ్డుకీ నెక్లెస్ రోడ్డుకీ మధ్య, రైలు పట్టాల పక్కన ఉన్న ఎంఎస్ మక్తా బస్తీలో ఇలాంటి బొమ్మలే 2016 చివర్లో గోడలెక్కాయి. ఆ తర్వాత నగరంలో ఫ్లైఓవర్ పిల్లర్ల మీద, పార్కుల ప్రహరీల మీద కూడా రంగులు పడ్డాయి.

అయితే ఇందులో ఒక తమాషా ఉంది. బొమ్మ చూడటానికి వచ్చినవాళ్లలో చాలామంది ఆ గోడకు వీపు పెట్టి నిలబడతారు. బొమ్మ ఫొటోలో పడుతుంది కానీ కంటికి ఆనదు. ‘కలర్స్ బాగున్నాయి’ అనుకుని పక్క గోడకు వెళ్లిపోతారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. ఎగ్జిబిషన్ హాల్లో అయితే బొమ్మ పక్కన చిన్న అట్ట ఉంటుంది, వివరం చెప్పే మనిషి ఉంటాడు. వీధిలో అవేవీ ఉండవు. మరి గోడ మీద బొమ్మను ఎలా చూడాలి? ఏది మంచి మ్యూరల్, ఏది ఉత్త అలంకరణ? ఒక్క మాటలో చెప్పాలంటే.. మ్యూరల్ అంటే కాన్వాస్ మీది బొమ్మను పెద్దది చేసి గోడకు ఎక్కించడం కాదు. ఆ గోడ, ఆ వీధి, దాని మీద పడే ఎండ, దాని వెనక కాపురం ఉండే మనుషులు.. ఇవన్నీ కలిస్తేనే ఆ బొమ్మ.

గాంధీతో మొదలు..

లోధీ కాలనీ బొమ్మల వెనక ఉన్నది స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ. 2014లో మొదలైంది. ఆ ఏడాదే ఢిల్లీ ఐటీఓ దగ్గర అప్పటి పోలీసు ప్రధాన కార్యాలయం గోడ మీద మహాత్మా గాంధీ ముఖాన్ని గీయించారు. జర్మనీ ఆర్టిస్టు హెండ్రిక్ బైకిర్ష్, మన దేశానికి చెందిన అన్పు వర్కీ కలిసి వేసిన బొమ్మ అది. ఎత్తు దాదాపు 150 అడుగులు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లు తల ఎత్తితే గాంధీ కళ్లద్దాలు కనిపించేవి. గోడ మీద గీతలు గీసేవాళ్లను పట్టుకునే పోలీసులే తమ గోడను ఇవ్వడం అప్పట్లో పెద్ద వార్త.

ఈ సంస్థను స్థాపించినవాళ్లలో ఒకరు హనీఫ్ కురేషి. గుజరాత్‌లోని చిన్న ఊళ్లో పెరిగిన ఆయనకు చిన్నప్పటి నుంచి షాపుల బోర్డులు రాసే పెయింటర్లంటే పిచ్చి అభిమానం. ఫ్లెక్సీలొచ్చి ఆ చేతిరాతలన్నీ పోతున్నాయని, దేశం నలుమూలలా బోర్డు పెయింటర్ల అక్షరాలను సేకరించి కంప్యూటర్ ఫాంట్లుగా మార్చే పని మొదలుపెట్టారు. 2024 సెప్టెంబర్‌లో ఆయన కన్నుమూశారు. లోధీ గోడల్లో కొన్నింటి మీద బొమ్మకు బదులు అక్షరాలే ఎందుకు కనిపిస్తాయో ఈ నేపథ్యం తెలిస్తే అర్థమవుతుంది. ఫ్రాన్స్ జంట లెక్, సోవట్‌తో కలిసి ఆయన చేసిన గోడ అలాంటిదే. ఢిల్లీ మీద ప్రేమను అక్షరాలతోనే చెప్పారు.

ఈ కథ తెలుగువాళ్లకు బాగా తెలిసిందే. ఒకప్పుడు మన ఊళ్లలో సినిమా హాళ్ల ముందు నిలబెట్టిన కటౌట్లు, బ్యానర్లు చేత్తో వేసినవే. సిమెంటు, బీడీ, ఎరువుల ప్రకటనలతో నిండిన ఊరి గోడలు, ఎన్నికలొస్తే రాత్రికి రాత్రే మారిపోయే గోడ రాతలు.. వాటి వెనక ఒక్కో ఊరికి ఒక్కో ఆర్టిస్టు ఉండేవాడు. బొమ్మ కింద మూలన ‘ఫలానా ఆర్ట్స్’ అని సంతకం ఉండేది. ఫ్లెక్సీ మిషన్ వచ్చాక ఆ పని పోయింది. నేటి మ్యూరల్స్ చూసేటప్పుడు వీటిని విదేశీ ఫ్యాషన్ అనుకుని పక్కన పెట్టేయడం సరికాదు. పెద్ద గోడ మీద ముఖం కొలతలు చెడకుండా వేయడం అన్న విద్య మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది.

లోధీ గోడలే ఎందుకు?

ఢిల్లీలో గోడలకు కొదవేముంది? మరి ఇన్ని బొమ్మలు ఒక్క లోధీ కాలనీలోనే ఎందుకు? కారణం ఆ కాలనీ కట్టిన తీరులోనే ఉంది. 1940ల్లో ప్రభుత్వ ఉద్యోగుల కోసం బ్రిటిష్ వాళ్లు కట్టించిన క్వార్టర్లు ఇవి. ఢిల్లీలో వాళ్లు చివరగా కట్టిన నివాస ప్రాంతాల్లో ఇదొకటి. ఇళ్ల బ్లాకుల మధ్యలో ఎత్తైన కమాను, దానికి రెండు వైపులా కిటికీలు పెద్దగా లేని ఖాళీ గోడ. ముందు వెడల్పాటి ఫుట్‌పాత్, చెట్లు. వీధి వెంట ఇలాంటి గోడలే ఒకదాని తర్వాత ఒకటి. ఆర్టిస్టుకు ఇంతకంటే ఏం కావాలి?

ఇంకో సౌకర్యం, ఈ భవనాలు ఆకాశాన్ని అంటేవి కావు. పది అంతస్తుల గోడ మీద బొమ్మను కింద నుంచి చూడాలంటే మెడ నొప్పి పుడుతుంది. దాన్ని దూరం నుంచి, వాహనంలో వెళ్తూ చూస్తేనే బాగుంటుంది. లోధీ బొమ్మలు నడిచేవాళ్ల కోసం. రోడ్డుకు అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడితే బొమ్మ మొత్తం కంట్లో పడుతుంది. నాలుగు అడుగులు ముందుకు వేస్తే బ్రష్ గీత కనిపిస్తుంది.

అందుకే లోధీలో బొమ్మ చూసేటప్పుడు మొదట చూడాల్సింది కమానును. ఆర్టిస్టు దానితో ఏం చేశాడు? కొందరు దాన్ని పట్టించుకోకుండా రెండు వైపులా రెండు బొమ్మలు వేసి ఊరుకున్నారు. కొందరు కమానునే బొమ్మలో భాగం చేసుకున్నారు, దాన్ని దాటుకుని ఒక వైపు నుంచి రెండో వైపుకు గీత పారేలా చూసుకున్నారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ పనితనం తేలేది ఇక్కడే. గోడ మీద ఉండే నీళ్ల పైపు, కరెంటు మీటరు, ఏసీ డబ్బా, వెంటిలేటర్.. వీటిని అడ్డంకి అనుకున్నవాడు ఒక రకం ఆర్టిస్టు. అదే పైపును కొమ్మగానో, తొండంగానో మార్చేసేవాడు ఇంకో రకం. బొమ్మను ఫొటో తీసి వేరే గోడ మీద ఊహించుకుంటే సరి. అక్కడా అంతే బాగుందనిపిస్తే, మొదటి గోడను ఆర్టిస్టు సరిగ్గా వాడుకోలేదనే అర్థం.

ఎండే ఇక్కడ రంగు..

గోడను వాడుకోవడం అంటే ఏంటో చెప్పడానికి లోధీలో ఒక మంచి ఉదాహరణ ఉంది. డాకు అనే మారుపేరుతో ఒక ఆర్టిస్టు చేసిన గోడ. ఆ గోడ మీద బొమ్మంటూ ఏమీ లేదు. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చినట్టు ఇంగ్లీష్ అక్షరాలను బిగించారు. పొద్దున్నే వెళ్లినవాళ్లకు అక్కడ చదవడానికి పెద్దగా ఏమీ కనిపించదు. సూర్యుడు పైకి వచ్చేకొద్దీ ఆ అక్షరాల నీడలు గోడ మీదికి జారి మాటలవుతాయి. కాలం అన్నింటినీ మారుస్తుందన్నది ఆ మాటల సారాంశం. సాయంత్రానికి నీడలు సాగి, వంకరపోయి, చెరిగిపోతాయి. మబ్బు పట్టిన రోజు వెళ్తే ఆ గోడ మూగదే.

కాలం గురించి గోడ మీద రాసినవాళ్లు వేలమంది ఉంటారు. ఇక్కడ కాలమే వచ్చి రాసి వెళ్తుంది. ఈ ఆలోచనను కాన్వాస్ మీదికో, ఏసీ హాల్లోకో తీసుకెళ్లలేం. లోధీలో ఒక్క గోడ చూసే టైమ్ మాత్రమే ఉంటే ఇది చూడటం మేలు. కాకపోతే మధ్యాహ్నం ఎండలో వెళ్లాలి!

దీనికి పూర్తి భిన్నంగా ఉంటుంది జపాన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన లేడీ ఐకో వేసిన ఝాన్సీ లక్ష్మీబాయి. ఐకో పనిచేసేది స్టెన్సిల్‌తో. అంటే అట్టనో, షీటునో ఆకారం ప్రకారం కత్తిరించి, గోడకు ఆనించి, రంగు కొట్టి తీసేయడం. ముగ్గు గొట్టం, ముగ్గు అచ్చులు వాడిన ఇంటివాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి, ఒక రంగు మీద ఇంకో రంగు పొరలుగా కూర్చుంటుంది. స్టెన్సిల్ అనేది నిజానికి వీధుల్లో దొంగచాటుగా, త్వరత్వరగా వేయడానికి వాడిన పద్ధతి. పోలీసు వచ్చేలోపు రంగు కొట్టి పారిపోవాలి కదా! అదే పద్ధతితో, ప్రభుత్వ క్వార్టర్ గోడ మీద, అనుమతి తీసుకుని, బ్రిటిష్ వాళ్లపై కత్తి దూసిన రాణిని వేయడం.. అదీ ఆ బ్రిటిష్ వాళ్లే కట్టిన కాలనీలో. ఈ సంగతులు తెలిశాక ఆ గోడ ముందు ఇంకో నిమిషం నిలబడాలనిపిస్తుంది.

మెక్సికో ఆర్టిస్టు సెంకో వేసిన పక్షులు కూడా లోధీలో చాలామంది ఫొటోలు దిగే గోడ. చూడగానే కళ్లకు ఇంపుగా ఉంటుంది. అంతకుమించి అందులో వెతుక్కోవాల్సిన పని లేదు, ఉండాలన్న రూలూ లేదు. రోజూ ఆఫీసుకు వెళ్లేవాడికి దారిలో ఒక పక్షి కనిపిస్తే చాలదా?

బెంగళూరుకు చెందిన అరవాణి ఆర్ట్ ప్రాజెక్ట్ గోడ అలా కాదు. ట్రాన్స్‌జెండర్ మహిళలు, ఇతర ఆర్టిస్టులు కలిసి పనిచేసే బృందం ఇది. ట్రాన్స్‌జెండర్ల ప్రాణాలకూ విలువ ఉందని పెద్ద అక్షరాలతో చెప్పే గోడ అది. ఇక్కడ బొమ్మ ఎంత ముఖ్యమో, దాన్ని వేసిన విధానం అంతకన్నా ముఖ్యం. సిగ్నళ్ల దగ్గర జనం అద్దాలు ఎక్కించుకుని తప్పించుకునే మనుషులు, పట్టపగలు, నడివీధిలో, పరంజా ఎక్కి రోజుల తరబడి పనిచేశారు. వచ్చేపోయేవాళ్లు ఆగి మాట్లాడారంటే గోడ సగం పని అప్పుడే చేసేసినట్టు. రంగు ఆరాక మిగిలింది దాని గుర్తు మాత్రమే.

దగ్గరికెళ్తే తెలిసే సంగతులు

బొమ్మను దూరం నుంచి చూశాక గోడకు చెయ్యంత దూరంలోకి వెళ్లాలి. ఎలా వేశారో గోడే చెబుతుంది. స్ప్రే డబ్బాతో వేసిన గీతకు అంచు మెత్తగా, పొగ పట్టినట్టు ఉంటుంది. బ్రష్‌తో వేస్తే వెంట్రుకల చారలు కనిపిస్తాయి. రోలర్‌తో వేసిన చోట నారింజ తొక్క మీద ఉన్నట్టు చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. ఒకే గోడ మీద ఈ మూడూ ఉండొచ్చు. పెద్ద జాగాలు రోలర్‌తో నింపి, నీడలు స్ప్రేతో ఇచ్చి, కనుబొమ్మలు బ్రష్‌తో దిద్దుతారు.

ఇంత పెద్ద ముఖం కొలత తప్పకుండా ఎలా వస్తుంది? పాత పద్ధతి గళ్లు. చిన్న కాగితం మీద బొమ్మకు గళ్లు కొట్టి, గోడ మీద అన్నే గళ్లు పెద్దవిగా కొట్టి, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎక్కించడం. తాపీ మేస్త్రీలు సుద్ద రాసిన దారాన్ని రెండు వైపులా పట్టుకుని గోడకు కొడతారు చూడండి, ఆ గీతలే ఇక్కడా పనికొస్తాయి. మన సినిమా బ్యానర్ ఆర్టిస్టులు చేసిందీ ఇదే. ఇప్పుడు కొందరు రాత్రిపూట ప్రొజెక్టర్‌తో బొమ్మను గోడ మీద పడేసి అంచులు గీసుకుంటున్నారు. ఇంకొందరు గోడంతా పిచ్చి గీతలు, గుర్తులు గీసి, దాన్ని ఫొటో తీసి, ఫోన్‌లో ఆ ఫొటో మీద తమ బొమ్మను పెట్టి చూసుకుంటారు. ‘కుడి కన్ను ఈ సున్నా పక్కన, ముక్కు ఆ గీత కింద’ అని గుర్తు పెట్టుకుని వేసుకుంటూ పోతారు. సరిగ్గా కప్పని చోట ఆ పిచ్చి గీతలు రంగు కింద నుంచి ఇప్పటికీ తొంగి చూస్తుంటాయి. కనిపెట్టగలిగితే భలే సరదా.

అసలు పని మాత్రం బొమ్మ మొదలయ్యే ముందే ఉంటుంది. పాత రంగు గీకడం, పగుళ్లు పూడ్చడం, పుట్టీ, ప్రైమర్. ఇందులో తొందరపడితే ఎంత గొప్ప ఆర్టిస్టు వేసినా రెండు వానాకాలాలకే పెచ్చులు ఊడతాయి. గోడలో చెమ్మ ఉంటే లోపలి ఉప్పు బయటికి తేలి, రంగు మీద తెల్లటి పొడిలా పూస్తుంది.

ఐదొందల ఏళ్లా.. ఐదేళ్లా?

గోడ బొమ్మలంటే తెలుగువాళ్లకు లేపాక్షి గుర్తుకొస్తుంది. వీరభద్రస్వామి ఆలయం పైకప్పు మీద విజయనగర కాలం నాటి బొమ్మలు 16వ శతాబ్దం నుంచి ఉన్నాయి. అక్కడక్కడా దెబ్బతిన్నా చీరల అంచులు, జడల అల్లికలు ఇంకా గుర్తుపట్టొచ్చు. మరి నేటి ఖరీదైన రంగులు ఐదారేళ్లకే ఎందుకు వెలిసిపోతున్నాయి? లేపాక్షి బొమ్మలకు తల మీద రాతి కప్పు ఉంది. ఎండ తగలదు, వాన పడదు. పైగా వాడినవి ఎర్రమన్ను, పసుపు మన్ను, సున్నం, మసి లాంటి రంగులు. మన్ను రంగు ఎండకు చెక్కు చెదరదు. వీధి గోడ మీద మెరిసే గులాబీ, నిమ్మపండు పసుపు, ఫ్లోరోసెంట్ ఆరెంజ్ రంగులు కళ్లు చెదిరేలా ఉంటాయి కానీ ఎండకు ముందుగా వెలిసిపోయేవి కూడా అవే. దక్షిణం, పడమర వైపు గోడల మీద ఇంకా త్వరగా పోతాయి. ఒకే ఆర్టిస్టు ఒకే ఏడాది వేసిన రెండు గోడల్లో ఒకటి కొత్తగా, ఒకటి పాతగా కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

అలాగని వెలిసిన బొమ్మను చూసి ముఖం తిప్పుకోవాల్సిన పని లేదు. చాలామంది వీధి ఆర్టిస్టులు తమ బొమ్మ ఉండిపోవాలని కోరుకోరు. గోడ మీద మొక్క మొలవడం, పిల్లలు సుద్దతో క్రికెట్ వికెట్లు గీయడం, మీటర్ బాక్స్ కొత్తగా బిగించడం కూడా బొమ్మ జీవితంలో భాగమే. లోధీలో కొన్ని పాత బొమ్మల స్థానంలో కొత్తవి వచ్చాయి కూడా. కింద మూలన సంతకం పక్కన సంవత్సరం ఉంటుంది. దాన్ని చూసి, ఇన్నేళ్లలో ఈ గోడకు ఏమేం జరిగిందో లెక్కేసుకోవచ్చు.

గోడ వెనక ఉన్నవాళ్ల మాటేంటి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బొమ్మ చూసేవాడు పది నిమిషాలుండి పోతాడు. ఆ గోడ వెనక ఉండేవాళ్లు రోజూ దానితోనే బతకాలి. లోధీలో ఉండేది ప్రభుత్వ ఉద్యోగులు. ట్రాన్స్‌ఫర్ అయితే ఇల్లు ఖాళీ చేస్తారు, కొత్తవాళ్లొస్తారు. గోడ ప్రభుత్వానిది. అక్కడ బొమ్మల వల్ల ఏరియాకు డిమాండ్ పెరిగినా అద్దె పెంచి ఉద్యోగిని వెళ్లగొట్టేవాళ్లు ఉండరు. అన్నిచోట్లా అలా కాదు. అమెరికాలోని మియామీలో వైన్‌వుడ్ అనే పాత గోదాముల ఏరియా ఉంది. 2009లో అక్కడ పెద్ద ఎత్తున మ్యూరల్స్ వేయించింది ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి. ఆ తర్వాత కేఫ్‌లు, షోరూమ్‌లు వచ్చాయి, స్థలాల రేట్లు ఎగబాకాయి, చిన్న బతుకులకు అక్కడ చోటు తగ్గింది. రంగు డబ్బా వెనకే రేటు కార్డు వస్తుందన్న అనుమానం అందుకే ప్రపంచమంతా ఉంది.

బస్తీల విషయంలో ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. చెన్నైలోని కణ్ణగి నగర్ ఇందుకు ఉదాహరణ. నగరం నడిబొడ్డు నుంచి ఖాళీ చేయించిన పేదలను తీసుకొచ్చి పెట్టిన కాలనీ అది. అక్కడి అడ్రస్ చెబితే జనం అదోలా చూస్తారన్నది అక్కడివాళ్ల ఎప్పటి బాధ. 2020లో ఆ కాలనీ గోడల మీద భారీ మ్యూరల్స్ వేశారు. దాంతో ఆ పేరు నేరాల వార్తల్లో కాకుండా వేరే వార్తల్లోకి వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. అయితే నీళ్లు, డ్రైనేజీ, ఉపాధి లాంటివి రంగుతో తీరేవి కావు కదా? రెండూ నిజమే. బొమ్మ వేశారు కాబట్టి బస్తీ బాగుపడిందనడం ఎంత అబద్ధమో, డ్రైనేజీ లేదు కాబట్టి బొమ్మ దండగ అనడం కూడా అంతే తప్పు. పేదవాడి గోడకు అందం అక్కర్లేదా?

హైదరాబాద్ మక్తాకు ఇవన్నీ వర్తిస్తాయి. లోధీలా అక్కడ ఒకే రకం గోడలు ఉండవు. ఇరుకు సందులు, ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, బయటే బట్టలు ఆరేసుకునే తీగలు. గోడ సర్కారుది కాదు, ఇంటివాళ్లది. ఇల్లు ఒక అంతస్తు లేపితే బొమ్మ సగానికి తెగుతుంది, పక్కన ఇల్లు లేస్తే మొత్తం కనుమరుగవుతుంది. కాబట్టి ఇక్కడి బొమ్మకు ఇంటివాళ్ల ఇష్టమే పునాది. నగరానికి చెందిన స్వాతి, విజయ్ దంపతులు తెలంగాణ ఆడవాళ్ల ముఖాలను, ఆ కట్టూబొట్టునూ నిండు రంగుల్లో పెద్ద గోడలకు ఎక్కించడంలో పేరు తెచ్చుకున్నారు. ఇలాంటి బొమ్మలో ఉన్నది మన వీధిలో రోజూ కనిపించే మనిషే. హీరోల కటౌట్లకు అలవాటుపడిన నగరంలో, పనికి పోయే అమ్మ ముఖం ఆ సైజులో కనిపించడం ఎందుకు బాగుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఖర్చు ఎవరిది? లోధీ, మక్తా లాంటి చోట్ల రంగుల కంపెనీలు భాగస్వాములుగా ఉంటాయి. స్టార్ట్ సంస్థకు ఏషియన్ పెయింట్స్ చాలా ఏళ్లుగా తోడుంది. రంగులు అమ్ముకునే కంపెనీ గోడలకు రంగులివ్వడంలో తప్పు పట్టడానికేం లేదు. బొమ్మ కంపెనీ ప్రకటనలా మారిందా లేదా అన్నదే చూడాలి. స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల కోసం మున్సిపాలిటీలు హడావుడిగా వేయించే గోడల సంగతీ అంతే. చెత్తబుట్ట, చీపురు, చెట్టు, భూగోళం.. ఏ ఊరికి వెళ్లినా అవే బొమ్మలు. అక్కడ పోస్టర్లు అతికించకుండా, మూత్రం పోయకుండా గోడను కాపాడటమే లక్ష్యం. ఆ పని అవి చేస్తాయి. కానీ ఆ ఊరు గురించి ఒక్క ముక్కా చెప్పవు.

ఫొటో తీసుకోవచ్చా? చట్టం ఏమంటోంది?

వీధిలో ఉన్న బొమ్మ కాబట్టి ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చనుకుంటారు చాలామంది. సరదాకు ఫొటో దిగి దాచుకుంటే ఎవరూ ఏమీ అనరు. వ్యాపారానికి వాడితే కథ వేరు. ముంబైలో మెక్సికో ఆర్టిస్టు పావోలా డెల్ఫిన్ వేసిన ఒక మ్యూరల్‌ను ఒక బీమా కంపెనీ తన హోర్డింగ్‌లో వాడుకుంది. స్టార్ట్ సంస్థ ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. అది చూడగానే ప్రకటన అని తెలిసిపోతోందని ప్రాథమికంగా అభిప్రాయపడిన కోర్టు, ఆన్‌లైన్‌లో పెట్టిన పోస్టులను తీసేయాలని 2023లో ఆదేశించింది. గోడ ఒకరిది అయినా, బొమ్మ మీద హక్కు వేరే ఉంటుందన్నమాట.

మరి గోడ యజమాని బొమ్మను చెరిపేస్తే? ఇక్కడ మన దేశంలో చెప్పుకోవాల్సింది శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కేసు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ కోసం 1957లో ప్రభుత్వమే ఆయనతో భారీ కంచు మ్యూరల్ చేయించింది. 1979లో మరమ్మతుల పేరుతో దాన్ని పీకి గోదాములో పడేశారు. ముక్కలు దెబ్బతిన్నాయి. ఆయన కోర్టుకెక్కారు. కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ కింద కళాకారుడికి తన పని గౌరవాన్ని కాపాడుకునే హక్కు ఉందంటూ 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగివ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని చెప్పింది. అయితే ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్ భవనాన్ని 2017లో కూల్చేసినప్పుడు దాని ఆర్కిటెక్ట్ రాజ్ రేవాల్‌కు అదే సెక్షన్ పనికి రాలేదు. యజమాని పూర్తిగా కూల్చేస్తానంటే ఆపే హక్కు రూపశిల్పికి లేదని 2019లో అదే హైకోర్టు తేల్చింది. ఇంటి గోడ మీది బొమ్మ ఈ రెండు తీర్పుల మధ్య వేలాడుతోంది.

అమెరికాలో మాత్రం ఒక కేసు సంచలనమైంది. న్యూయార్క్‌లో 5పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ భవనం గోడలన్నీ వీధి ఆర్టిస్టుల బొమ్మలతో నిండి ఉండేవి. 2013లో యజమాని రాత్రికి రాత్రే వాటికి సున్నం కొట్టించాడు. ముందుగా నోటీసు ఇచ్చి ఉంటే, బొమ్మలను కాపాడుకునే అవకాశం ఆర్టిస్టులకు దక్కేది. 2018లో కోర్టు 21 మంది ఆర్టిస్టులకు 67.5 లక్షల డాలర్లు చెల్లించాలని ఆదేశించింది. 2020లో పై కోర్టు కూడా సమర్థించింది. భవనం మాత్రం దక్కలేదు, దాన్ని కూల్చేసి అపార్టుమెంట్లు కట్టారు.

వెళ్లాలనుకునేవాళ్లకు..

లోధీ కాలనీకి దగ్గరి మెట్రో స్టేషన్ జోర్‌బాగ్. టికెట్ లేదు, గేటు లేదు, టైమింగ్స్ లేవు. చలికాలం పొద్దున పూట నడవడానికి బాగుంటుంది, డాకు గోడ కోసం మాత్రం మధ్యాహ్నం దాకా ఆగాలి. అన్ని గోడలూ ఒకేరోజు చూసేయాలని పరుగెత్తితే చివరికి ఏదీ గుర్తుండదు. ఐదారు గోడలు చాలు. హైదరాబాద్‌లో మక్తా చూడాలనుకునేవాళ్లకు ఎంఎంటీఎస్ నెక్లెస్ రోడ్ స్టేషన్ దగ్గర. సందులు ఇరుకు కాబట్టి కారు బయటే వదిలి నడవడం మేలు. అవి జనం ఉండే ఇళ్లు. గుమ్మం ముందు కూర్చున్నవాళ్లను, ఆడుకునే పిల్లలను అడక్కుండా ఫొటో తీయకూడదు. బొమ్మ గురించి వాళ్లనే అడిగితే ఎవరు వేశారో, ఎన్ని రోజులు పట్టిందో, వేస్తున్నప్పుడు చాయ్ ఎవరిచ్చారో కూడా చెప్పేవాళ్లు దొరకొచ్చు. కొన్ని గోడలు ఇప్పటికే వెలిసిపోయి ఉంటాయి, కొన్నింటి ముందు కొత్త గోడ లేచి ఉంటుంది.